బస్తా బరువు

ఆ ఆదివారం కాటాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. కుక్కను గిడ్డంగికి తీసుకెళ్ళి తూచాలి, పదింటికల్లా ఇంటికొచ్చి పెరటి తలుపుకు కొత్త గడియ బిగించాలి. అంతే. ఆ గడియ ఈనాటికీ తలుపెక్కలేదు.

కాటాయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉండేది గానీ, ధాన్యం గిడ్డంగిలో ముప్ఫై ఏళ్ళు తూకాలు వేశాక అది ఆయనకే జ్ఞాపకం ఉండేది కాదు. గింజ ఎక్కువైనా గింజ తక్కువైనా ఒప్పుకోని మనిషి. బస్తా మీద ఈగ వాలితే దాని బరువు తీసేసి చీటీ రాస్తాడని హమాలీలు చెప్పుకునేవారు. ఆడ ఈగకు ఒక లెక్క, మగ ఈగకు ఒక లెక్క అని కూడా అనేవారు గానీ, అది నిజం కాకపోవచ్చు.

కుక్క సంగతికి వస్తే, గిడ్డంగిలో ఎలుకల బెడదకు పిల్లిని తెమ్మంటే ఎవరో దీన్ని తెచ్చి వదిలారు. బస్తాల మధ్య బస్తాలా పడి నిద్రపోయేది. యజమాని బయట పారేయమన్నాడు. కాటాయన ఒక్క రాత్రికని ఇంటికి తెచ్చాడు. ఆ రాత్రి ఇంకా తెల్లారలేదు. దానికి ఇప్పుడు ఎనిమిదో నెల, పేరు బస్తా. దూడంత ఎత్తు, చెంబంత పాదాలు. భార్యకు జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యి వేసి చూడని మనిషి, అది తుమ్మితే లేచి దీపం వేసేవాడు.

గిడ్డంగి కాటా పలక ఇనుముది. కాలు పెడితే గలగలమనేది. బస్తా దాని మీద ఒంటరిగా నిలబడనంది. అందుకని కాటాయన దాన్ని రెండు చేతులా ఎత్తుకుని తనే ఎక్కేవాడు. వచ్చిన దాంట్లోంచి తన డెబ్బై ఎనిమిది తీసేసేవాడు. రెండు నెలల కిందట నూట పద్నాలుగు వచ్చింది, అంటే కుక్క ముప్ఫై ఆరు. నెల తర్వాత నూట పదకొండు, అంటే ముప్ఫై మూడు. ఈ ఆదివారం ముల్లు నూట ఎనిమిది దగ్గర ఆగింది.

"ముప్ఫై," అన్నాడు కాటాయన పైకే. అనేసరికి చేతుల్లో సత్తువ పోయింది. కుక్క జారి దిగిపోయింది. పెరగాల్సిన ప్రాణి నెలకు మూడు కిలోల చొప్పున కరిగిపోతోంది. ఆ లెక్కన ఇంకో పది నెలలకు మిగిలేది గొలుసొక్కటే.

ఇంటికెళ్ళి సంగతి చెప్పగానే ఆయన అక్కయ్య గుమ్మంలోనే కూలబడింది.

"నే చెప్తూనే ఉన్నాను కదరా తమ్ముడూ! గిన్నెలో సగం వదిలేస్తోంది. ఇంత ఒంటికి అంత తిండి ఏ మూలకి?"

"పొద్దున నేను పెట్టింది కూడా వదిలేసిందండీ," అంది భార్య.

"నువ్వు పొద్దున పెట్టావా? నేనూ పెట్టానే!"

"మీరెందుకు పెట్టారు వదినా?"

"నువ్వు మర్చిపోతావని."

ఇక్కడ అసలు సంగతి ఒకటుంది. ఆ ఇంట్లో కుక్కకు ముగ్గురూ మూడు గిన్నెలు పెడుతున్నారు, ఒకరికి తెలియకుండా ఒకరు. అది తనకు కావలసినంత తిని తక్కినది వదిలేస్తోంది. ఆ ఇంట్లో బుద్ధి ఉన్న జీవం అదొక్కటే. కానీ ముగ్గురికీ కనిపించింది మాత్రం మిగిలిపోయిన తిండి. దాంతో ఆ రోజు నుంచి నాలుగో గిన్నె మొదలైంది. గుడ్లు, వెన్న, పాల మీగడ. బస్తా వాసన చూసి, మర్యాద కోసం ఒకసారి నాకి, తల తిప్పుకునేది.

కాటాయన ఒట్టు పెట్టుకున్నాడు. "అది ముద్ద ముట్టందే నేను ముట్టను." ఆ మాట ప్రకారం పూటపూటా తన పళ్ళెం పట్టుకుని పెరట్లో కుక్క ముందు బాసింపట్టు వేసుకుని కూర్చునేవాడు. "తినరా నాన్నా, ఒక్క ముద్ద. ఇదిగో, చూడు, నేను తింటున్నానుగా," అని నోటి దాకా తీసుకెళ్ళి చూపించి, మళ్ళీ దాని మూతి దగ్గర పెట్టేవాడు. చివరికి పళ్ళెం కాకులకు పోయేది, కాటాయన చెంబుడు నీళ్ళు తాగి లేచేవాడు.

ఈ భాగోతమంతా పక్కింటి గోడ మీంచి డ్రిల్లు మాస్టారు చూశాడు. ఆయన ఉద్యోగం నుంచి దిగిపోయి ఆరేళ్ళయినా, ఇంకా వీధి మొత్తాన్ని వరసలో నిలబెట్టాలని చూసే మనిషి. ఆయనకు కనిపించిందల్లా ఇదీ: ఒళ్ళు విరుచుకుంటే పక్కటెముకలు లీలగా తేలే కుక్క, దాని ఎదురుగా పళ్ళెం పట్టుకుని ఊరించి ఊరించి తినే యజమాని, లోపల్నుంచి "తిని చావవే" అని ఆడగొంతు. మాస్టారుకు మూడు సాక్ష్యాలు చాలు. ఆ మధ్యాహ్నమే పశువుల ఆసుపత్రికి నాలుగు పేజీల ఫిర్యాదు రాసి పడేశాడు.

బుధవారం నోటీసు వచ్చింది. శుక్రవారం ఉదయం కుక్కను ఆసుపత్రిలో చూపించాలి. ఆ జాతికి ఎనిమిదో నెలలో ముప్ఫై ఎనిమిది నుంచి నలభై రెండు కిలోల దాకా ఉండాలి. తిండి పెట్టడం లేదని తేలితే కుక్కను సంరక్షణ కేంద్రానికి తరలిస్తారు.

"తరలించడమంటే?" అంది అక్కయ్య.

"తీసుకుపోతారు," అన్నాడు కాటాయన.

"మళ్ళీ ఎప్పుడు పంపిస్తారు?"

కుక్క వచ్చి కాటాయన పాదం మీద గడ్డం ఆనించి పడుకుంది. ఆయన కదిలితే అది లేస్తుందని, కాలు తిమ్మిరెక్కినా అలాగే ఉండిపోయాడు.

రెండు రోజుల్లో పది కిలోలు ఎక్కడి నుంచి తేవడం? గురువారం మధ్యాహ్నం గిడ్డంగి నుంచి వస్తూ కాటాయన ఒక గోనెసంచి తెచ్చాడు. అందులో రెండు కిలోల ఇనప తూకపురాళ్ళు ఐదు. ముప్ఫై ఏళ్ళలో గింజ పక్కకు పోనివ్వని మనిషి, వాటిని బల్ల మీద వరసగా పెట్టి వాటివంకే చూస్తూ కూర్చున్నాడు.

"ఏమండీ, మీరు..." అని భార్య ఏదో అనబోయింది.

"సూదీ దారం తే," అన్నాడు ఆయన.

అక్కయ్య పాత దుప్పటితో కుక్కకు కోటు కుట్టింది. దాని మడతల్లో ఐదు రాళ్ళూ అణిగిపోయాయి. శుక్రవారం బస్తా ఆ కోటు వేసుకుని, ముగ్గురినీ వెంటేసుకుని ఆసుపత్రికి బయలుదేరింది. బయలుదేరిందన్న మాటే గానీ, దారిలో నాలుగుసార్లు కూర్చుంది. అది కూర్చున్నప్పుడల్లా కాటాయనా అరుగు చూసుకుని కూర్చున్నాడు. లేచేటప్పుడు ప్యాంటు ఒక చేత్తో పట్టుకుని లేచాడు.

డాక్టరమ్మ గదిలో డ్రిల్లు మాస్టారు అప్పటికే సాక్షిగా నిటారుగా నిలబడి ఉన్నాడు. మూలన గుమాస్తా కాగితాలు సర్దుకుంటున్నాడు. ఆ గదిలో కాటా నేలతో సమానంగా ఉంది, పైన రబ్బరు పరిచారు. బస్తా హాయిగా ఎక్కి కూర్చుంది.

"కోటు తీయండి," అంది డాక్టరమ్మ.

"అయ్యో, తీయకు తల్లీ! దానికి చలి. రాత్రంతా వణికింది," అంది అక్కయ్య. నుదుటి చెమట కొంగుతో తుడుచుకుంటూ అంది ఆ మాట.

డాక్టరమ్మ అంకె చూసింది. కళ్ళజోడు సవరించుకుని మళ్ళీ చూసింది.

"యాభై!"

ముప్ఫైకి పది కలిపితే యాభై అయ్యే లెక్క కాటాయన ఏ కాటా మీదా చూడలేదు.

"యాభై ఏమిటయ్యా? తిండి పెట్టట్లేదని వచ్చింది ఫిర్యాదు. మీరు కూరి కూరి చంపుతున్నారు! పెద్ద జాతి పిల్లలు సన్నగా, నెమ్మదిగా పెరగాలి. ఈ వయసులో ఇంత బరువు పడితే తుంటి కీళ్ళు అరిగిపోయి, రెండేళ్ళకే కాళ్ళు ఈడుస్తుంది."

"నేననలేదూ!" అన్నాడు మాస్టారు. "అంటే... ఇదే అనలేదు గానీ, ఏదో ఉందని అన్నాను."

"కుక్కని ఇక్కడే ఉంచేసి వెళ్ళండి. కేంద్రం వాళ్ళకి కబురు పెడతాను," అని డాక్టరమ్మ కలం తీసింది.

కాటాయన ఒక్క క్షణం తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. తర్వాత వంగి, కుక్క కోటు కుట్లు రెండు చేతులా చించేశాడు. రాళ్ళు ఒకదాని వెంట ఒకటి నేల మీద పడ్డాయి. ఖణేల్, ఖణేల్, ఖణేల్. ఐదో రాయి దొర్లుకుంటూ వెళ్ళి మాస్టారు బూటుకు తగిలి ఆగింది.

"దొంగతూకం వేశానమ్మా," అన్నాడు కాటాయన. "నన్నేమైనా చెయ్యండి. నా కుక్కని మాత్రం పంపించకండి."

డాక్టరమ్మ కలం మూసి, వచ్చి కుక్క పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. అంకె నలభై చూపిస్తోంది. ఆమె దాని పక్కల మీద అరచేతులు ఆనించింది.

"ఇటు రండి, మీ చెయ్యి పెట్టండి. ఎముకలు తగులుతున్నాయా? తగలాలి. పైనుంచి చూడండి, నడుము దగ్గర సన్నబడింది కదా? ఉండాల్సింది అలాగే. నలభై కిలోలు, అచ్చుపోసినట్టుంది."

"మీగడ వేసి పెట్టినా వదిలేస్తోంది తల్లీ," అంది అక్కయ్య.

"ఎదుగుదల నెమ్మదించినప్పుడు ఆకలీ తగ్గుతుంది. దానికెంత కావాలో దానికి తెలుసు. మీ మీగడలు మానేయండి చాలు."

అక్కయ్య చేతులెత్తి పైకప్పుకు దణ్ణం పెట్టింది. భార్య కొంగు నోట్లో కుక్కుకుంది. కాటాయన మాత్రం నవ్వలేదు. ఆయన ముఖంలో ఇందాకటి భయం పోయి, ఇంకోటి వచ్చింది.

"నలభై కాదమ్మా. ముప్ఫై. ఆదివారం నేనే తూచాను. నా కాటా తప్పదు."

"ఎలా తూచారు?"

"ఎత్తుకుని. నూట ఎనిమిది వచ్చింది. నా డెబ్బై ఎనిమిది తీసేశాను."

"మీరు డెబ్బై ఎనిమిదని ఎవరు చెప్పారు?"

"ముప్ఫై ఏళ్ళుగా అంతేగా!"

"ఆఖరిసారి ఎప్పుడు చూసుకున్నారు?"

కాటాయన లోకంలో ఉన్న బస్తాలన్నీ తూచాడు. ఆ ప్రశ్నకు మాత్రం ఆయన దగ్గర చీటీ లేదు.

"ఎక్కండి," అంది డాక్టరమ్మ.

బస్తా దిగింది, ఆయన ఎక్కాడు. అరవై ఏడు. దిగి, చెప్పులు సర్దుకుని మళ్ళీ ఎక్కాడు. అరవై ఏడే. తన కళ్ళతో చూసిన తూకాన్ని ఆయన రెండోసారి చూడటం అదే మొదలు.

"దాహం ఎక్కువగా ఉంటోందా?" డాక్టరమ్మ గొంతు తగ్గింది.

"కుండలు ఖాళీ చేస్తున్నారమ్మా," అంది భార్య. "కుక్కతో పోటీ పెట్టుకున్నారని నవ్వుకున్నాను. ప్యాంట్ల నడుములు రెండుసార్లు కుట్టి బిగించాను. గుడ్డ సాగిందనుకుని దుకాణంవాడిని తిట్టాను."

"నేను పశువుల డాక్టర్నమ్మా. రేపు కాదు, ఇటు నుంచి ఇటే మనుషుల ఆసుపత్రికి తీసుకెళ్ళండి. రక్తం చూడమని చెప్పండి. ఆలస్యం చెయ్యొద్దు."

అక్కయ్య తమ్ముడి మోచెయ్యి పట్టుకుని బెంచీ మీద కూర్చోబెట్టింది. ఆ చేతికి ఏం తగిలిందో గానీ, ఆమె చటుక్కున చెయ్యి తీసేసి, మళ్ళీ నెమ్మదిగా వేసింది. భార్య డ్రిల్లు మాస్టారు వైపు తిరిగింది.

"మాస్టారూ, రోజూ గోడ మీంచి చూశారు గదా. కుక్క ఎముకలన్నీ లెక్కపెట్టారు. పక్కనే ఈయన కనపడలేదా?"

"కనపడ్డాడమ్మా," అన్నాడు మాస్టారు. మొదటిసారిగా ఆయన నడుము వంగింది. "కుక్కకి పెట్టకుండా అంతా తనే తింటున్నాడనుకున్నాను."

"అయితే ఇప్పుడు రాయండి ఇంకో ఫిర్యాదు. నా మీద రాయండి. ఇంటి మనిషి కరిగిపోతుంటే చూసుకోలేదని రాయండి."

మాస్టారు ఏం చెయ్యాలో తోచక గుమాస్తా వైపు చూశాడు. గుమాస్తా పాపం మంచివాడు, సొరుగులు మూడూ తెరిచి అడుగు దాకా వెతికాడు. ఆవులకు ఉంది, గుర్రాలకు ఉంది, చిలకలకు కూడా ఉంది గానీ, మనుషులకు ఆ ఆసుపత్రిలో ఫారం లేదు.