గిటారుకు సరిపోని జెకర్యా

జెకర్యా తన బేస్ గిటారుకు సరిపోవడం లేదని తేలింది కాబట్టి, నిబంధనల ప్రకారం జెకర్యాను కుదించాలని కొలతల శాఖ నిర్ణయించింది. కబురు తెచ్చిన ఉద్యోగి మర్యాదస్తుడు. గుమ్మంలో చెప్పులు విడిచి, ఇచ్చిన మంచినీళ్లు తాగి, కుదింపుకు పరగడుపునే రావాలని చెప్పి వెళ్లాడు.

దుకాణంలో కొన్న గిటారుకు ఈ బెడద లేదు. అది ఎవరిదైనా కావచ్చు. కొలతలిచ్చి చేయించుకున్న వస్తువు సంగతి వేరు. మనిషి లావెక్కుతాడు, వంగిపోతాడు, అబద్ధమాడతాడు. కర్రా గుడ్డా అబద్ధమాడవు. అందుకని రెండింటికీ తేడా వస్తే వస్తువు చెప్పిందే నిజమని శాఖ ఎప్పుడో తేల్చేసింది. మొన్నామధ్య జెకర్యా వీధిలోనే ఒకావిడను ఆమె పెళ్లినాటి జాకెట్టుకు సరిచేసి పంపారు. ఊపిరి కాస్త తక్కువ ఆడుతోంది గానీ, ఇప్పుడు ఏ ఆఫీసుకు వెళ్లినా ఆవిడను ఆవిడే అని ఒప్పుకుంటున్నారు.

జెకర్యా విశాఖలో పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలోనూ, ఆదివారం చర్చిలోనూ బేస్ వాయిస్తాడు. ఆ గిటారును బొబ్బిలి వైపు వీణలు చేసే తవిటయ్యను బతిమాలి చేయించుకున్నాడు. కారణం భార్య కమల. జ్వరం వచ్చి ఆమెకు చెవులు పోయాయి. మాటైతే పెదవులు చూసి తెలుసుకుంటుంది. పాటను ఎక్కడ చూస్తుంది? వీణలాగా ఒకే పనస దుంగను తొలిచి చేస్తే, తీగ మోగినప్పుడు కర్రంతా వణుకుతుందనీ, చెంప ఆనిస్తే ఆ వణుకు ఎముకలోకి పాకుతుందనీ తవిటయ్య అన్నాడు. పైఅంచున కమల చెంప పట్టేంత గుంట తొలిచాడు. మొదటిరోజు ఆమె అందులో చెంప ఆనించి, "ఏటండీ, ఇంత గొంతుందా దీనికి?" అని ఏడ్చేసింది.

తవిటయ్య చేసిన పొరపాటల్లా ఒకటే. ఆయన బుద్ధెరిగినప్పటినుంచీ ఎవరినీ నిలబెట్టి కొలవలేదు. వీణ చేయించుకునేవాళ్లు బాసింపట్టు వేసుకుని కూర్చుంటారు, ఆయన కొలుస్తాడు. జెకర్యానూ అలాగే చాపమీద కూర్చోబెట్టాడు. దాంతో ఆ గిటారు కూర్చుంటే తప్ప చేతికి అమరదు. అప్పటినుంచి జెకర్యా స్టేజీమీద కూడా బాసింపట్టు వేసుకునే బేస్ వాయిస్తున్నాడు. పెళ్లివాళ్లు అదేదో భక్తి అనుకునేవారు.

శాఖలో గిటారిస్టును నిలబెట్టే కొలుస్తారు. వీణ కూర్చుని వాయించేది, గిటారు నిలబడి వాయించేది, అంతే. నిలబడ్డ జెకర్యా, గిటారు చెప్పిన జెకర్యాకంటే బాగా పొడుగున్నాడు.

"కూకుంటే సరిపోతాను సార్," అన్నాడు జెకర్యా, కుదింపు రోజున శాఖ అధికారితో.

"మేం చేసేదీ అదే కదండీ," అన్నాడు అధికారి ఓదార్పుగా. "మోకాళ్ల దగ్గర మడిచి అతికేస్తాం. ఇక నిలబడ్డా కూర్చున్నట్టే ఉంటారు."

జెకర్యాకు ఇష్టం లేకపోతే గిటారును శాఖకు వదిలేసి, ఉన్న కాళ్లతో ఇంటికి పోవచ్చు. పోతే కమలకు ఇక పాట ఉండదు. జెకర్యా తలూపాడు.

అప్పుడు అధికారి వేలు గిటారు పైఅంచు మీద ఆగింది. "ఈ గుంట ఎవరిది?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, జెకర్యా చెయ్యి తన చెంపమీదికి పోయింది. ఎవరిదో చెబితే కమలనూ పిలుస్తారు. ఆమె చెంపలు ఇప్పుడు కాస్త జారాయి. పక్కగదిలో ఎవరినో సరిచేస్తున్నారు, ఆకురాయి చప్పుడు ఆగి ఆగి వస్తోంది. తన కాళ్ల గురించి కూడా అంత భయపడలేదు జెకర్యా.

"ఎవల్దీ కాదు సార్. తవిటయ్య ఉలి జారిపోనాది."

"ఎవరిదీ కానిది ఉండకూడదండీ," అని అధికారి లప్పం తెప్పించాడు. గుంటను పూడ్చి, నునుపు చేసి, పాలిష్ పెట్టారు. పని మాత్రం శుభ్రంగా చేశారు, అక్కడొక గుంట ఉండేదంటే ఎవరూ నమ్మరు.

సాయంత్రం, కాళ్లు మడిచి అతికాక, జెకర్యాను ఆటోలో ఇంటికి చేర్చారు. కమల గుమ్మంలో వంగి అతని మొహం చూసింది. కాసేపు ఏడ్చింది. తర్వాత మొహం కడుక్కుని, నీళ్లబిందె అతనికి అందేలా కింద పెట్టింది. గిటారు తెచ్చి అతని ఒళ్లో ఉంచి, పక్కన కూర్చుని చెంప ఆనించింది. నున్నటి అంచుమీద చెంప నిలవక జారింది. మళ్లీ ఆనించింది.

"వాయించండి," అంది.

జెకర్యా అప్పటికే వాయిస్తున్నాడు, వణుకు లప్పం దాటి రావడం లేదు.

కమల తలెత్తి తీగను చూసింది. అది ఊగుతోంది. గుంట ఉండాల్సిన చోట వేలితో తడిమింది. జెకర్యా ఆమె వైపు తిరిగి, పెదవులు స్పష్టంగా కదిపాడు. "నీది కాదని సెప్పీసాను. నిన్ను కూడా పిలుత్తారని భయమేసింది."

"మంచి పని సేసారు," అంది కమల. "మీరు మానకండి."

మళ్లీ చెంప ఆనించి, కళ్లు మూసుకుని, బాగుందన్నట్టు తలూపడం మొదలుపెట్టింది. ఆ ఊపు తాళానికి ఎక్కడా అందడం లేదు. జెకర్యా కొంతసేపు చూశాడు. ఆమె కళ్లు తెరిస్తే తీగకూ తన ఊపుకూ పొంతన లేదని తెలిసిపోతుందని భయపడి, ఆమె తల ఎప్పుడు కదిలితే అప్పుడే తీగ మీటసాగాడు.

ఆ ఆదివారం చర్చిలో కమల ముందు వరసలో కూర్చుని తలూపింది. జెకర్యా అలాగే వాయించాడు. పాడేవాళ్లు మొదటి చరణంలో తడబడ్డారు. రెండో చరణానికి అందరూ ఆ ఊపుకు సర్దుకున్నారు.