కుళాయికి కట్టిన గిటారు

ఆదివారం పొద్దున పెసరట్టు, దాని వెనకాలే రెండో కాఫీ, ఆ పైన మధ్యాహ్న భోజనంలోపు కూతురి గిటారుకు కొత్త రింగు బిగించడం. సుధీంద్ర వేసుకున్న పథకం ఇంతే. సాయంత్రం ఢిల్లీలోనే సాకేత్‌లో తెలుగువాళ్ల సంఘం వార్షికోత్సవం. అందులో తేజశ్రీ మొదటిసారి నలుగురి ముందు వాయించబోతోంది. మొదటి పాటకు గిటారు బొద్దుగా పలకాలి, రెండో పాటకు సన్నగా పలకాలి. ఉన్న గిటారుకు బొద్దుగా పలకడం తప్ప మరొకటి చేతకాదు.

దానికి మార్గం తేజశ్రీయే వెతికి పట్టుకుంది. ఎలక్ట్రిక్ గిటారులో తీగల కింద పికప్ అని ఒక చిన్న దిమ్మ ఉంటుంది. తీగ మోగితే ఆ మోతను పట్టుకుని యాంప్లిఫయర్‌కు అందించేది అదే. దాని చుట్టూ చట్రంలా ఉండే రింగు మామూలుగా ఏ పనీ చేయదు, ఊరికే పికప్‌ను పట్టుకుని కూర్చుంటుంది. ఈ కొత్త రకం రింగుకు మాత్రం అంచున చీమ తలంత స్విచ్చులు రెండుంటాయి. పికప్ లోపలున్న రెండు కాయిల్స్‌నూ వాటితో కలిపితే బొద్దు, ఒకదాన్ని ఆపేస్తే సన్నం. గిటారుకు కొత్తగా చిల్లులు పెట్టక్కర్లేదు. పాత రింగు తీసి ఇది పెట్టి, వైర్లకు టంకం వేస్తే చాలు.

"మునిర్కాలో గిటార్లు బాగుచేసే ఒక భయ్యా ఉన్నాడు డాడీ, ఉస్కో దే దూంగీ," అంది తేజశ్రీ, పార్సిల్ వచ్చిన రోజున.

"ఎందుకూ, నేను లేనా? డిప్లొమాలో ఎలక్ట్రానిక్స్ చదివింది ఎవరనుకున్నావ్?"

తేజశ్రీ గిటారు వైపు ఒకసారి, తండ్రి వైపు ఒకసారి చూసి, "ఠీక్ హై," అంది.

ఆ ఠీక్ హై విని సుధీంద్ర లోలోపల పొంగిపోయాడు. చిన్నప్పుడు సైకిలు చెయిన్ జారినా, బొమ్మ చెయ్యి ఊడినా తన దగ్గరికే పరుగెత్తుకొచ్చే పిల్ల, కాలేజీలో చేరాక ఏం కావాలన్నా ఫోన్‌నే అడగడం మొదలుపెట్టింది. మంత్రిత్వ శాఖలో సెక్షన్ ఆఫీసరుగా తనను రోజూ పదిమంది సలహా అడుగుతారు గానీ, ఇంట్లో ఒక్కరూ అడగరు. ఈ గిటారు పలికితే పిల్ల మళ్లీ ఏదో ఒకటి పట్టుకుని తన దగ్గరికి వస్తుందని అతని ఆశ.

తేజశ్రీ లక్ష్మీ నగర్‌లో కోచింగ్ క్లాసుకు వెళ్లగానే సుధీంద్ర డైనింగ్ టేబుల్ మీద పాత బెడ్‌షీటు పరిచి పనిలోకి దిగాడు. తీగలు వదులు చేశాడు, పాత రింగు ఊడదీశాడు, పెట్టెలో వచ్చిన బొమ్మ ప్రకారం ఏ రంగు వైరు ఎక్కడో అక్కడ టంకం వేశాడు. నిజం చెప్పాలంటే ముత్యాల్లా వేశాడు.

కొత్త రింగు నల్లగా, తళతళలాడుతూ ఉంది. దాని మీద పల్చటి ప్లాస్టిక్ పొర ఉంది. సుధీంద్ర ఇంట్లో కొత్త వస్తువు పొర ఒలవడమన్నది లేదు. కారు సీట్లు షోరూమ్ ప్లాస్టిక్‌లోనే ముసలివయ్యాయి. ఫ్రిజ్ తలుపు మీది నీలం పొర అంచులు లేచి జుట్టులా రేగినా దాన్ని పీకడానికి ఎవరికీ అనుమతి లేదు. టీవీ రిమోటు కవరులోంచి తప్ప ఎవరి వేలికీ తగలదు. అందుకని బ్లేడు తీసుకుని, ఊపిరి బిగబట్టి, స్విచ్చులు బయటికి కనిపించేంత మేరకు ఆ పొరలో చిన్న చిన్న కిటికీలు కోశాడు.

"తీసేయరాదూ దాన్ని?" అంది భార్య సరోజ, తలంటుకు కుంకుడుకాయలు నానబెట్టడానికి అటుగా వెళ్తూ.

"గీతలు పడతాయి. సాయంత్రం స్టేజి మీద లైట్లుంటాయి, అందరికీ కనిపిస్తుంది."

రింగు బిగించి, తీగలు సరిచేసి, యాంప్లిఫయర్‌కు కలిపి, ఒక తీగ మీటాడు. ఏమీ వినపడలేదు. స్విచ్చు అటు తోశాడు, ఇటు తోశాడు. గిటారు నోరు విప్పలేదు.

ఏ ఫైలూ ఒంటరిగా పరిష్కరించకూడదన్నది సుధీంద్ర ఆఫీసు అలవాటు. పై అంతస్తులో ఉన్న చిట్టిబాబుకు ఫోన్ చేశాడు. చిట్టిబాబుదీ అదే శాఖ, ఊరు అమలాపురం. కుర్రతనంలో పెళ్లిళ్లకు మైకులు కట్టినవాడు. లుంగీలోనే, చెవి వెనక టెస్టరు పెట్టుకుని దిగాడు.

"రంగులు తేడా కొట్టాయండి," అన్నాడు గిటారు పొట్టలోకి తొంగిచూసి. "ఒక కంపెనీ వాడు ఎరుపన్నదాన్ని ఇంకోడు ఆకుపచ్చంటాడండి. పికప్ ఒకళ్లది, రింగు ఒకళ్లది. మరి గొడవ రాదేటండి?"

మాట సబబుగానే ఉంది. మళ్లీ విప్పి వైర్లు మార్చారు. ఈసారి దోమ పాడినట్టు ఒక్కసారి పలికి ఆగిపోయింది. ఇంకోలా మార్చారు. అసలు పలకలేదు. చివరికి సుధీంద్రకు విసుగొచ్చి పెట్టెలో బొమ్మ చెప్పినట్టే యథాస్థానంలో వేసి బిగించాడు. ఇప్పుడు గిటారు మీటకపోయినా యాంప్లిఫయర్ గుయ్యిమని మూలగసాగింది.

"ఈ స్విచ్చు కాస్త బిగుసుకున్నట్టుందేంటండి?" అన్నాడు చిట్టిబాబు.

"కొత్తది కదా. వాడగా వాడగా అదే వదులవుతుంది."

"అయితే ఎర్తింగండి. ఆ మూలుగు అదే. ఈ క్వార్టర్లకి ఎర్తింగు ఎక్కడేడిసిందండీ? మా రోజుల్లో కుళాయికి కట్టేసేవాళ్లం."

వంటింటి కుళాయి ప్లాస్టిక్‌ది. బాల్కనీలోది మాత్రం పాతకాలపు ఇనుప గొట్టం, కింద నుంచి మేడ మీది ట్యాంకు దాకా అన్ని ఇళ్లకూ అదే. చిట్టిబాబు ఒక పచ్చ వైరు యాంప్లిఫయర్‌కు చుట్టి, రెండో కొస తీసుకెళ్లి ఆ కుళాయికి కట్టాడు. మిగిలిన వైరు బాల్కనీలోంచి కిందికి వేలాడింది.

కింది అంతస్తులో మల్హోత్రా అంకుల్ తులసి కోటకు నీళ్లు పోస్తూ, ఈ వైరు ఏమిటా అని తల ఎత్తాడు. "సుధీంద్రజీ, యే తార్ కైసా?"

సుధీంద్ర టేబుల్ దగ్గర ఉన్నాడు. బదులు చెప్పే బాధ్యత చిట్టిబాబు తీసుకున్నాడు. ఢిల్లీకొచ్చి చాలా ఏళ్లయినా అతని హిందీ ఇంకా అమలాపురం దాటలేదు. అర్థమయ్యేలా చెప్పాలన్న సదుద్దేశంతో ఎర్తింగు అంటే ఏమిటో విడమరచి వివరించాడు. "కుఛ్ నహీ అంకుల్. గిటార్ మే కరెంట్ జ్యాదా హో గయా. వో సబ్ పైప్ మే భేజ్ రహే హై." గిటారులో ఎక్కువైన కరెంటునంతా గొట్టంలోకి పంపిస్తున్నామని దానర్థం.

మల్హోత్రా అంకుల్ చెంబు నెమ్మదిగా నేల మీద పెట్టి, గొట్టానికి దూరంగా నడుచుకుంటూ లోపలికి వెళ్లాడు. కాసేపటికి బ్లాకు వాట్సాప్ గ్రూపులో కబురు వచ్చింది: నీళ్లలో కరెంటు వస్తోంది, ఎవరూ కుళాయి ముట్టుకోకండి. పంపు ఆపరేటరు వచ్చి వాల్వు కట్టేశాడు. అంతటితో తృప్తి పడక, మల్హోత్రా అంకుల్ మీటర్ల గదిలోకి వెళ్లి మెయిన్ స్విచ్చు కూడా దించేశాడు.

మూలుగు ఆగిపోయింది. "చూశారాండీ, పోయింది," అన్నాడు చిట్టిబాబు సంతోషంగా. ఆ తర్వాత ఫ్యాను కూడా ఆగిందని గమనించాడు.

బాత్రూమ్ తలుపు తెరుచుకుంది. సరోజ నెత్తి నిండా కుంకుడు నురగతో, నైటీ మీద తువ్వాలు కప్పుకుని, ఒక కన్ను మూసుకుని నిలబడింది. "ఏవండీ, నీళ్లేమయ్యాయి?"

ఆ ప్రశ్నకు జవాబు గుమ్మం బయట ఉంది. ఖాళీ బకెట్లతో సగం బ్లాకు మెట్ల మీద నిలబడింది. ఒకరి వాషింగ్ మెషీన్ మధ్యలో ఆగిందట, ఒకరింట్లో పప్పు కడగలేదట. అందరి ముందూ మల్హోత్రా అంకుల్. సుధీంద్ర తనకు వచ్చిన హిందీ అంతా వాడి క్షమాపణలు చెబుతుండగా, ఆ బకెట్లను తప్పించుకుంటూ తేజశ్రీ పైకి వచ్చింది.

టేబుల్ మీద గిటారు, నేల మీద వైర్లు, తల్లి నెత్తి మీద నురగ, అన్నీ ఒక్కసారి చూసింది. "డాడీ, క్యా హువా?"

సుధీంద్ర దాచలేదు. "చెడగొట్టానమ్మా. ఆ మునిర్కా అతనికి ఇవ్వాల్సింది. ఇప్పుడిక టైము లేదు." సాయంత్రం పాట పోవడం ఒక బాధ, ఆ ఠీక్ హై మళ్లీ ఎప్పటికీ వినపడదన్నది అంతకన్నా పెద్ద బాధ.

తేజశ్రీ గిటారు ఒళ్లో పెట్టుకుంది. చూపుడు వేలితో స్విచ్చు తోసింది. అది చివరిదాకా వెళ్లలేదు. వంగి చూసింది. బ్లేడుతో కోసిన పొర అంచులు చాపలా చుట్టుకుని స్విచ్చు సందులోకి దూరి కూర్చున్నాయి. స్విచ్చు సగం దారిలోనే ఆగిపోతోంది, ఏ కాయిల్‌నూ ముట్టుకోవడం లేదు.

"యే ప్లాస్టిక్ క్యోం రఖా హై?"

"గీతలు పడతాయనీ..."

తేజశ్రీ గోటితో అంచు లేపి ఒక్క లాగు లాగింది. పొర సర్రుమని ఊడి వచ్చింది. స్విచ్చు ఇటు తోస్తే టిక్, అటు తోస్తే టిక్. చిట్టిబాబు బాల్కనీలోకి వెళ్లి పచ్చ వైరు విప్పి చుట్ట చుట్టాడు. అది కళ్లారా చూశాకే మల్హోత్రా అంకుల్ కిందికి దిగి మెయిన్ వేసి వచ్చాడు.

ఫ్యాను తిరిగింది. యాంప్లిఫయర్ మూలగలేదు. తేజశ్రీ మీటగానే గిటారు బొద్దుగా, గదంతా నిండేలా పలికింది. స్విచ్చు తోసింది. అదే గిటారు సన్నగా, గాజులు కదిలినట్టు పలికింది. సాయంత్రం వాయించాల్సిన రెండు పాటలూ వరసగా వాయించేసింది. తిట్టడానికి వచ్చినవాళ్లు బకెట్లు బోర్లించి వాటి మీదే కూర్చున్నారు. మల్హోత్రా అంకుల్ కళ్లు మూసుకుని తల ఊపుతూ, "ఏక్ ఔర్, బేటా," అన్నాడు.

"ముందు ఆ వాల్వు తిప్పమనండి," అంది సరోజ, రెండో కన్ను కూడా మూసుకుని.

అందరూ వెళ్లాక సుధీంద్ర టంకం సామాను డబ్బాలో సర్దుతున్నాడు. తేజశ్రీ వచ్చి పక్కన నిలబడింది.

"డాడీ, సాయంత్రం నువ్వు ఆడియన్స్‌లో కూర్చోకు. స్టేజి పక్కనే ఉండు."

"నేనెందుకమ్మా? చూశావుగా నా పనితనం."

"కుఛ్ హో గయా తో? మళ్లీ మూగబోతే? లోపల ఏ వైరు ఎక్కడుందో నీకే తెలుసు. అన్నీ మార్చి మార్చి వేశావుగా. సోల్డరింగ్ ఐరన్ కూడా తెచ్చుకో."

సుధీంద్ర "ఠీక్ హై," అన్నాడు. అంతకన్నా ఎక్కువ మాట్లాడితే కళ్లు తడవడం కనిపిస్తుందని డబ్బాలోకి తల వంచాడు.

బయలుదేరే ముందు అతను కారు సీట్ల ప్లాస్టిక్ అంతా తన చేత్తోనే చించి పారేశాడు. సరోజ నమ్మలేక సీటును ముట్టుకుని మరీ చూసింది. గిటారు రింగు మీంచి ఒలిచిన పొర మాత్రం, ఇంకా కొత్తదానిలాగే ఉందని, సుధీంద్ర చొక్కా జేబులో భద్రంగా సాకేత్ దాకా వెళ్లి వచ్చింది.