ఆరు పళ్ల గిటార్

ఏ వస్తువు నాణ్యతా ఆ వస్తువులో ఉండదు. దాన్ని కొనే కమిటీలో ఉంటుంది. ఈ సత్యం తెలియక పెద్ద పెద్ద దేశాలు ఫ్యాక్టరీలు కట్టుకుని, వాటిలో ఇంజనీర్లను కూర్చోబెట్టుకుని నానా అవస్థలూ పడుతున్నాయి. ఉదయగిరి కొండ కింద ఉన్న ఒక చర్చికి ఆ అవస్థ లేదు. అక్కడ ఒక ఎలక్ట్రిక్ గిటార్‌ను ఎలా ఎంపిక చేశారో తెలుసుకుంటే, తక్కువ ధరలో మంచి గిటార్ కొనాలనుకునే వాళ్లందరికీ దారి దొరుకుతుంది (గిటార్ దొరకకపోవచ్చు).

గిటార్ కావలసింది నిజానికి చర్చికి కాదు, జెస్సీకి. జెస్సీ ఆత్మకూరులో ఒక రక్తపరీక్షల ల్యాబులో టెక్నీషియను. పగలంతా జనం చేతుల్లో నరాలు వెతుకుతుంది. సాయంత్రం బస్సు దిగాక, పొట్ట పగిలిన పాత చెక్క గిటార్ మీద ఫోన్లో చూసి నేర్చుకున్న పాటలు వాయిస్తుంది. ఏటా ఫిబ్రవరిలో ఆత్మకూరులో చర్చిలన్నీ కలిసి జరుపుకునే కన్వెన్షన్‌లో, పందిట్లో అంత జనం ముందు, ఒక్కసారి వాయించాలని ఆమె కోరిక.

ఆ వేదిక మీద ఇంతవరకూ ఆ చర్చి తరఫున వాయిస్తున్నది అంకారావు గారి పెన్‌డ్రైవ్. సౌండ్ సెట్టు అంకారావుది, పెన్‌డ్రైవూ అంకారావుదే. అందులో వాద్యాలతో పాటు గొంతులు కూడా ఉంటాయి కాబట్టి కోరస్‌కు నోరాడించడం తప్ప పనుండదు. ఒక ఏడాది కీర్తన మధ్యలో పెన్‌డ్రైవ్ తప్పుదారి పట్టి బోరుబావుల కంపెనీ ప్రకటన మొదలైంది. కోరస్ దానికి కూడా నోరాడించింది. అది చూసి మనసు విరిగిన పాస్టరు గారు ఒక మాట చెప్పారు: కన్వెన్షన్ లోపల గిటార్ వస్తే జెస్సీ వాయిస్తుంది, రాకపోతే మళ్లీ పెన్‌డ్రైవే.

జెస్సీ ఆ సాయంత్రమే యాప్‌లో ఒక గిటార్ చూసిపెట్టింది. ధర అందుబాటులోనే ఉంది. (అందుబాటు ధర అంటే, చెప్పినప్పుడు సంఘంలో ఎవరూ కుర్చీలోంచి లేవని ధర.) వేలు పెట్టి నొక్కితే అయిపోయేది. కానీ అంత తేలిగ్గా అయిపోయే పనిని పని అనరు గనుక, వాద్య పరికరాల నాణ్యతా నిర్ధారణ ఉపసంఘం ఏర్పడింది.

అధ్యక్షుడు డేవిడ్‌రాజు మాస్టారు, విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు. ఆయన పనిచేసిన బడికి ప్రభుత్వం ఇచ్చిన కంప్యూటర్లు ఆయన రిటైరయ్యే నాటికి వచ్చిన రోజులాగే మెరుస్తున్నాయి. ఒక్క విద్యార్థి వేలు కూడా వాటికి తగలలేదు. వస్తు సంరక్షణలో అంతటి అనుభవం జిల్లాలో మరొకరికి లేదు.

సాంకేతిక నిపుణుడు అంకారావు. గిటార్ వస్తే తన పెన్‌డ్రైవ్ పని పోతుంది కాబట్టి, ఆయనకు ఈ విషయంలో స్వార్థమేమీ లేదని ఆయనే ప్రతిపాదించాడు, ఆయనే బలపరిచాడు.

స్త్రీల సమాజం నుంచి ఆనందమ్మ. పచ్చళ్లమ్మి డబ్బు కూడబెట్టింది వాళ్లే గనుక ఆమెకు సభ్యత్వం ఇచ్చారు, మాట్లాడే హక్కు ఇవ్వలేదు.

బయటి నిపుణుడు పెంచలయ్య. ఆయన ఆ చర్చి మనిషి కాదు, ఏ చర్చి మనిషీ కాదు. శనివారం ఉపవాసం ఉండే గొర్రెల వ్యాపారి, చర్చికి ఎదురిల్లు. కానీ జీవాల సంతలో ఆయన్ని మోసం చేసినవాడు ఇంతవరకూ పుట్టలేదు. మిగతా ముగ్గురూ ఏది కొన్నా మోసపోయినవాళ్లే కాబట్టి ఆయన అవసరమైంది.

యాప్ వాళ్లకు ఉదయగిరి దూరమైనందువల్ల పార్సిలు ఆత్మకూరులో ఆగిపోయింది. జెస్సీ దాన్ని బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. ఆదివారం ఆరాధన అయ్యాక ఉపసంఘం బల్ల చుట్టూ కూర్చుంది. పెట్టెలో గిటార్‌తో పాటు ఒక వైరు, ఇటుకంత స్పీకరు బాక్సు ఉన్నాయి. వీటిని ఉచిత బహుమతులుగా గుర్తించి విచారణ పరిధి నుంచి తప్పించారు.

"చూడాల్సినవి నేను జెప్తాను సార్," అంది జెస్సీ. "మెడ వంకర లేకుండా ఉండాల. మెడ మీద ఈ అడ్డ కడ్డీల అంచులు చేతికి గీసుకోకూడదు. తీగలు బిగించే మరలు జారకూడదు. ప్రతి గడీలోనూ వేలు పెట్టి మీటితే జర్రుమనకూడదు. వైరు పెట్టే బెజ్జం లొటలొటలాడకూడదు. అంతే."

ఉపసంఘం శ్రద్ధగా విని, వాయించబోయేది ఆమే కాబట్టి ఆమె అభిప్రాయం పక్షపాతం కిందికి వస్తుందని తేల్చింది.

"నువ్వు పక్కన నిలబడు పాపా," అన్నాడు డేవిడ్‌రాజు. "పెంచలయ్యా, కానీ."

పెంచలయ్య పైగుడ్డ నడుముకు చుట్టి లేచాడు. గిటార్ నడుం కింద చేతులేసి ఒక్క ఊపున పైకెత్తి దించాడు. వీపు మీద బొటనవేలితో నొక్కుతూ పోయాడు. తోక భాగం తడిమాడు. తర్వాత తలకాయ పట్టుకుని వెలుతురు వైపు తిప్పి, సంతలో గొర్రె వయసు తేల్చడానికి పళ్లు లెక్కపెట్టినట్టు, తీగలు చుట్టిన మరలను ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. ఆయన ముఖం మారిపోయింది.

"ఇది కొత్తదని జెప్పినాడా కంపెనీవోడు?"

"అవును పెద్దయ్యా."

"ఆరు పళ్లేసి ఉండాది! ముదురు సరుకు. రెండు పళ్లదైతే ఇంకా ఎదుగుతాదని నమ్మకం. ఇది ఇంక ఎదగదు."

"గిటార్ ఎదగదు పెద్దయ్యా."

"నేను జెప్పేదీ అదే గదమ్మే."

ఆనందమ్మ ఆశ్చర్యంతో హక్కు సంగతి మర్చిపోయింది. "అయ్యో, కొత్తదని జెప్పి ముసల్దాన్ని అంటగట్టినారా?"

సాంకేతిక నిపుణుడు మరో లోతైన లోపం పట్టుకున్నాడు. "దీని బొక్క యాడ? గిటార్‌కి పొట్టలో ఇంత బొక్క ఉంటాది. ఇది మూసేసినారు. లోపల ఏం దాచినారో ఎవరికెరుక?"

"ఎలక్ట్రిక్ గిటార్‌కి బొక్క ఉండదన్నా. వైరు పెడితే మోగుద్ది. పెట్టి చూపిస్తాను, ఉండు."

డేవిడ్‌రాజు మాస్టారు రెండు చేతులూ అడ్డం పెట్టాడు. "ఆగు! ప్లగ్గు పెడితే వాడినట్టు లెక్క. వాడిన వస్తువుని రిటర్న్ తీసుకోరు. ముందు నాణ్యత తేలనీ, ఆ తర్వాతే ప్లగ్గు."

"ప్లగ్గు పెట్టకుండా నాణ్యత ఎట్టా తేలుద్ది సార్?"

"అందుకే గదా ఉపసంఘం ఉన్నది."

ప్లగ్గు లేకుండా మీటారు. చెవి దగ్గర దోమ తిరిగినంత శబ్దం వచ్చింది. మోగడానికి చేసిన వస్తువు మోగడం లేదని ఏకగ్రీవంగా తీర్మానించి తిప్పి పంపారు.

రెండో గిటార్ వచ్చింది. ఈసారి వస్తువుకు గీతలు పడకూడదన్న ముందుచూపుతో ప్లాస్టిక్ కవరు విప్పకుండానే పరీక్షించారు. కవరు వదులుగా ఉంది. తిప్పి పంపారు.

మూడో గిటార్‌తో పాటు యాప్ ఒక హెచ్చరిక పంపింది: ఇక మార్చి ఇవ్వబడదు, ఉంచుకుంటారా, డబ్బు వాపసు తీసుకుంటారా? జెస్సీ ల్యాబు నుంచి వచ్చిన బట్టల్లోనే కూర్చుని గిటార్‌ను తడిమి చూసింది. మెడ చక్కగా ఉంది. కడ్డీల అంచులు నున్నగా ఉన్నాయి. మరలు జారడం లేదు. మూడింట్లోకీ ఇదే మేలు. ఆ మాట ఆమె నోట రావడంతో ఉపసంఘానికి అనుమానం బలపడింది. పెంచలయ్య మళ్లీ పళ్లు లెక్కపెట్టాడు. ఆరే.

"కంపెనీ మారదు, మనమే మారాల," అన్నాడు అంకారావు. "వాపసు పెట్టేద్దాం సార్. కన్వెన్షన్‌కి నేనున్నాను గదా." ఆ వారమే ఆయన కొత్త పెన్‌డ్రైవ్ కొన్నాడు. దానికి నాణ్యతా పరీక్ష జరగలేదు (అది ఎర్రగా ఉంది, చాలు).

డబ్బు వాపసుకు తీర్మానం అయిపోయింది. యాప్ మనిషి రెండు రోజుల్లో వస్తాడు. (తెచ్చివ్వడానికి దూరమైన ఉదయగిరి, తీసుకుపోవడానికి దగ్గరే.) అంతవరకూ గిటార్‌ను జెస్సీ దగ్గర ఉంచితే వాయించే ప్రమాదం ఉందని, తటస్థ ప్రదేశమైన పెంచలయ్య గొర్రెల దొడ్లో పెట్టారు.

మర్నాడు సాయంత్రం జెస్సీ బస్సు దిగి నేరుగా దొడ్డికి వెళ్లింది. పెంచలయ్య సంతలో కొన్న జీవాలకు గుర్తులేస్తున్నాడు. పక్కన ఎర్ర రంగు డబ్బా. ఒక్కో పొట్టేలు నడుం మీదా బొటనవేలితో ఒక చార. మర్నాడు లారీలో పదిమంది జీవాలు కలిసి పోతాయి, గుర్తు లేకపోతే ఎవరివెవరివో తెలియదు.

"పెద్దయ్యా, రేపు పంపేస్తారంట గదా. ఒక్కసారి మోగించుకుంటాను. దాని గొంతన్నా విని పంపుతాను."

"అది అరవదు గదమ్మే."

"అరిపిస్తాను, చూడు."

ఉచిత బహుమతుల్ని బయటికి తీసింది. వైరు పెట్టింది, దొడ్డి గోడ మీదున్న ప్లగ్గులో బాక్సు తగిలించింది. వేలు తీగ మీద పడింది.

పెంచలయ్య చేతిలోని పొట్టేలు విదిలించుకోవడం మానేసింది. తొట్టి దగ్గరున్నవి తలలెత్తాయి. నోట్లో గడ్డి నోట్లోనే ఉంది. పాట అయ్యేదాకా ఒక్క జీవం నమలలేదు.

పెంచలయ్య చాలాసేపు వాటినే చూశాడు. "మేత ఆపినాయే!" అన్నాడు. "వానొచ్చినా ఆపవు ఇవి. కుక్కొచ్చినా ఆపవు."

"సరుకు మంచిదేనా అయితే?"

"దాంతో ఏముండాదిలే. తీర్మానం చేసేసినారు గదా మీవోళ్లు."

జెస్సీ వైరు చుట్టింది. పెట్టెలో పెట్టబోయి ఆగింది. "సంతలో జీవాన్ని ఎప్పుడు కొన్నట్టు పెద్దయ్యా? బేరం కుదిరినప్పుడా?"

"బేరం నోటి మాట. గుర్తు పడాల. గుర్తు పడినాక అమ్మినోడు మాట మార్చలేడు, కొన్నోడు తిప్పియ్యలేడు. అబ్బ దిగొచ్చినా కుదరదు."

"దీనికి గుర్తు లేదే. మీ దొడ్లో ఉండాది. రేపు లారీ తొందర్లో కలిసిపోతే?"

పెంచలయ్య ఆమె ముఖంలోకి చూశాడు. తర్వాత గిటార్ వైపు చూశాడు. "అదీ నిజమే," అన్నాడు. "నా దొడ్లో గుర్తు లేని సరుకు ఉండకూడదు." బొటనవేలు డబ్బాలో ముంచి, గిటార్ వీపు మీద అడ్డంగా ఒక చార గీశాడు. (ఇది ఆయన తెలిసి చేశాడా, అలవాటు కొద్దీ చేశాడా అన్నది ఉపసంఘం పరిశీలనలో ఉంది.)

మర్నాడు యాప్ మనిషి గిటార్‌ను తిప్పి చూసి, ఫోటో తీసి, ఫోన్ చూపించాడు. "మరక ఉండాది సార్. రిటర్న్ కాదు."

"అది మరక కాదయ్యా, గొర్రెల గుర్తు," అన్నాడు డేవిడ్‌రాజు.

"ఇందులో మూడే ఉండాయి సార్. మరక, పగులు, వేరే రంగు. గొర్రె లేదు."

అత్యవసర సమావేశం జరిగింది. తిప్పి పంపడం కుదరని వస్తువు నాసిరకం అయితే ఉపసంఘం మోసపోయినట్టు అవుతుంది. ఉపసంఘం మోసపోదు. కాబట్టి గిటార్ మేలైనది. ఆరు పళ్లంటే నిండు వయసని, ఈడొచ్చిన సరుకని పెంచలయ్య కూడా ధ్రువీకరించాడు. ఆనందమ్మకు ఈసారి మాట్లాడే హక్కు ఇచ్చారు. ఆమె "సరే" అంది.

కన్వెన్షన్ రోజు జెస్సీ వేదిక ఎక్కింది. పందిరి వెనక అంకారావు ఒక చేత్తో సౌండ్ సెట్టు, ఇంకో చేత్తో ఎర్ర పెన్‌డ్రైవ్ పట్టుకుని ఆమె తప్పు కోసం ఎదురుచూశాడు. తప్పు రాలేదు. టీ కోసం బయటికెళ్లినవాళ్లు గ్లాసులతో లోపలికొచ్చారు. మర్రిపాడు నుంచి వచ్చినవాళ్లు కుర్చీల మీదికెక్కి చూశారు. కోరస్ చాలా ఏళ్ల తర్వాత సొంత గొంతుతో పాడింది. కొంచెం బొంగురుగా ఉన్నా అది వాళ్లదే. పెంచలయ్య చివరి వరసలో కూర్చుని జనాన్ని అటూ ఇటూ చూసుకున్నాడు, ఎవరన్నా నములుతున్నారేమోనని.

ఇంతటి నాణ్యమైన గిటార్‌ను ఎంపిక చేసినందుకు ఉపసంఘానికి శాలువాలు కప్పారు. ఫోటోలో డేవిడ్‌రాజు, అంకారావు గిటార్‌ను చెరోవైపు పట్టుకుని ఉంటారు. జెస్సీ కనపడదు. ఫోటో తీసింది ఆమే.

మరుసటి వారం ఉపసంఘం తన చివరి తీర్మానం చేసింది. ఇంత మేలైన వస్తువును వాయించి అరగదీయకూడదు. చర్చి గదిలో ఇనప బీరువా తీశారు, గిటార్‌ను దుప్పట్లో చుట్టి పెట్టారు, తాళం వేశారు. తాళంచెవి సాంకేతిక నిపుణుడి దగ్గర ఉండాలన్నారు. జెస్సీ అడిగినప్పుడల్లా డేవిడ్‌రాజు మాస్టారు ఎంతో ప్రేమగా ఒకటే చెప్పాడు: "యాడికి పోద్ది పాపా, బీరువాలో భద్రంగా ఉండాది గదా. కమిటీ కూర్చోనీ."

ఈ ఏడాది కన్వెన్షన్‌లో కూడా జెస్సీ గిటార్ మోగింది. కిందటేడు ఆమె వాయించినదాన్ని అంకారావు సౌండ్ సెట్టులోనే రికార్డు చేసి ఉంచాడు. అది ఎర్ర పెన్‌డ్రైవ్‌లోంచి చక్కగా వచ్చింది. జెస్సీ కోరస్‌లో రెండో వరసలో నిలబడింది. నోరాడించలేదు. వేళ్లు మాత్రం పైట చాటున కదిలాయి.

మొన్న యాప్ వాళ్లు అభిప్రాయం అడిగారు. డేవిడ్‌రాజు మాస్టారు ఐదు నక్షత్రాలూ ఇచ్చి, కింద స్వయంగా రాశాడు: "చాలా గట్టి సరుకు. ఏడాది దాటింది. ఒక్క తీగ కూడా తెగలేదు."