కలెక్టర్లు కోరే బంగారం

ముట్టుకోవడానికి వీల్లేనిదే అసలైన బంగారం! మెడలో వేసుకునేదీ, ఆపదొస్తే అమ్ముకునేదీ కూడా ఒక బంగారమేనా అండీ?

ఈమధ్య ఆన్‌లైన్‌లో ఒక బంగారు నాణెం కొన్నాను. రష్యాలోని పాతకాలపు కోటలు దాని మీద చెక్కారు. లిమిటెడ్ ఎడిషన్! ప్లాస్టిక్ డబ్బీలో సీలు వేసి వచ్చింది. సీలు విప్పితే విలువ పోతుందట, వేలు తగిలితే మెరుపు పోతుందట. ఇంతకన్నా సుఖం ఏముంటుంది? పెళ్లికి అరువడిగే చుట్టాలకు చూపించి మరీ లేదనొచ్చు.

మా ఆవిడ వనజ దానికి కొక్కెం పెట్టించి గొలుసులో వేసుకుంటానంది. కాశీబుగ్గ కంసాలి సీలు విప్పమన్నాడు. విప్పనిస్తానా? ఇది ఆడవాళ్ల కోసం వేసింది కాదనీ, కలెక్టర్ల కోసం వేసిందనీ ఇంటికొచ్చి గట్టిగా చెప్పాను.

అక్కడే కొంప మునిగింది. పక్కనే ఉన్న మా అత్తగారు రాజులమ్మకు తెలిసిన కలెక్టరు ఒక్కరే, జిల్లా కలెక్టరు.

"కలెక్టర్లు కోరే వత్తువు నీ కాడుంటే ఇన్నాళ్లూ సెప్పలేదేటి బాబూ?" అంది.

వెంటనే డొంకూరులో ఉన్న కొడుక్కి ఫోన్ చేసింది. మా బావమరిది అసిరయ్య సముద్రం మీద వేటకెళతాడు. కెరటాలు ఊళ్లోకి వస్తున్నాయనీ, అడ్డంగా ఒక రాతిగోడ కట్టమనీ ఊరంతా అర్జీలు పెట్టీ పెట్టీ అలసిపోయింది. పాపం, మళ్లీ ఒక అర్జీ రాయించుకుని తొలి బస్సుకే దిగాడు. నాణెం ఇచ్చి గోడ తెచ్చుకుందామని అతని ఆశ!

నాణేల కలెక్టర్లు వేరనీ, వాళ్లు కొని దాచుకోవడం తప్ప ఇంకేమీ చెయ్యరనీ చెప్పడానికి నాకు తాతలు దిగొచ్చారు. కోపగిస్తాడనుకున్నాను. కోపగించలేదు. భూతద్దం పెట్టి నాణెం వంక చాలాసేపు చూశాడు. బంగారాన్ని కాదు, గోడల్ని. ఒక కోట సముద్రంలోనే నిలబడి ఉంది. ఎన్నాళ్ల కిందట కట్టారని అడిగితే, వందల ఏళ్లయిందని గొప్పగా చెప్పాను.

అసిరయ్య డబ్బీ నా చేతికిచ్చేశాడు. "మావూరు బొమ్మ కూడా నాణెం మీద కొట్టించు బావా. ఊరుని కాకపోయినా, బొమ్మనైనా ఎవులో ఒకలు డబ్బీలో ఎట్టి కాపాడతారు."

ఐడియా బ్రహ్మాండంగా ఉంది కదండీ! గోడ కట్టడం కన్నా నాణెం కొట్టడం ఎంత తేలిక! కాబట్టి నాణేలు వేసే దొరలకు నా మనవి ఒక్కటే. బొమ్మ గీసుకోవడానికి మనుషుల్ని కాస్త తొందరగా పంపండి. అసిరయ్య ఇంటికి సముద్రం వైపు గోడ మొన్న వాయుగుండానికే పోయింది. మిగతా మూడూ ఉండగా వస్తే, ఇల్లని గుర్తుపట్టేలా గీసుకోవచ్చు.