తెరవొద్దన్న ఫైలు

ఆ ఉదయం చిటపట వేసుకున్న పథకం చిన్నదే. సెన్సర్లు అమ్మినాయన వస్తాడు, ఆయన కళ్ళ ముందే ఫైలు తెరవాలి, నోరు మూయించాలి.

లిఫ్టు తలుపులు వాటంతటవే తెరుచుకుంటున్నాయి. తప్పు సెన్సర్లదని ఆమె, ఆమె రాసిన ప్రోగ్రాముదని ఆయన నెల రోజులుగా కొట్టుకుంటున్నారు. ఆయన మాటే నెగ్గితే లిఫ్టుల పని బావకి అప్పగిస్తానని మేనమామ చెప్పేశాడు. అందుకని ఆమె, కంప్యూటర్‌ని లోపల్నుంచి నడిపే ముఖ్య ప్రోగ్రామైన కెర్నల్‌లో తప్పులు వెతకడానికి వాడే డీబగ్ ఫైల్ సిస్టంలో ఒక ఫైలు సృష్టించింది. సెన్సరు అబద్ధమాడినప్పుడల్లా కెర్నల్ ఆ ఫైల్లోని లెక్కకి ఒకటి కలుపుతుంది. ఎవరైనా తెరిస్తే లెక్క చెప్పేసి, మళ్ళీ సున్నా నుంచి మొదలెడుతుంది. ముందే చూసి అంకె దిద్దారని ఆయన అనకూడదని ఆమే అలా పెట్టింది.

"ఎవరైనా తెరిచారో, చేతులు విరుస్తా" అని ఆఫీసంతా వినేలా చెప్పింది కూడా. ఆఫీసంటే మేనమామ, ఆయన కొడుకు, తను. ఆమెకి చిటపట అని పేరు పెట్టింది ఆ కొడుకే.

ఆమె వచ్చేసరికి బావ ఆమె కంప్యూటర్ ముందు పాలిపోయిన ముఖంతో నిలబడి ఉన్నాడు.

"మరదలా, కోప్పడనంటే ఒకటి చెప్తా. నీ ఫైలు సున్నా చూపిస్తోంది. నేను ఊరికే ఫైళ్ళ లిస్టు..."

"తెరిచేశావన్నమాట. చిలక్కి చెప్పినట్టు చెప్పానే."

"అది కాదే, నన్ను చెప్పనివ్వు."

"చెప్పేదేముంది? నా కష్టమంతా మట్టిపాలు చేశావు."

లోపలి గదిలోంచి మేనమామ వచ్చాడు. "ఎందుకే ఆ అరుపులు? వీడు చెప్పగానే సెన్సర్లాయనకి ఫోన్ చేసేశాగా. తప్పు మాదేనేమో, కాస్త పెద్ద మనసు చేసుకోండి అన్నాను."

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. "మాదేనేమోనా? నీకేం తెలుసు మామయ్యా? ఇలా రా, నీ కొడుకు నిర్వాకం చూపిస్తా."

కుర్చీ బరబరా లాక్కుని, మీటలు ఊడిపడేలా కొట్టి, ఫైలు తెరిచింది.

మూడువందల పన్నెండు.

అలాంటి ఫైళ్ళలో ఎంత ఉన్నా లిస్టులో సైజు మాత్రం సున్నా అనే చూపిస్తుంది. ఆ సంగతి ఆ ఆఫీసులో తెలిసింది ఒక్క చిటపటకే.

"లిస్టు చూశానని మొత్తుకుంటున్నాగా," అన్నాడు బావ.

అప్పుడే తలుపు తోసుకుని సెన్సర్లాయన వచ్చాడు. "ఏదమ్మా మీ ఫైలు? తెరవండి, చూద్దాం."

ఆమె పళ్ళు నూరుకుంటూ మళ్ళీ తెరిచింది.

"సున్నా," అన్నాడాయన తృప్తిగా. "ఎంత చక్కగా లెక్కపెట్టిందమ్మా."

నెల రోజుల్లో ఆయన ఆమె ప్రోగ్రాముని నమ్మడం అదే మొదటిసారి.