యుద్ధనౌకకు చంటిబిడ్డ కావలెను

నోనీ భయమల్లా ఒకటే: నౌకాదళం వాళ్లొచ్చి తన చంకలో బిడ్డను పట్టుకుపోతారని.

"యుద్ధం గెలవడానికి ఇక కావలసింది ఒక్క చంటిబిడ్డ!" అని కమాండర్ విట్లో గారు క్వీన్స్‌టౌన్ రేవులో బ్యాండు మధ్య సెలవిచ్చారు మరి. ఇది పరమ రహస్యమని కూడా రేవంతా వినబడేలా చెప్పారు. మేధావి అంటే అలా ఉండాలి.

నోనీ మొగుడు కార్నీ పనిచేసేది బొగ్గు ఓడలా కనిపించే యుద్ధనౌకలో. జర్మన్ సబ్‌మెరైన్ ఎదురుపడగానే సగంమంది లబలబలాడుతూ చిన్నపడవల్లోకి దూకి పారిపోవాలి. ఖాళీ ఓడే కదా అని శత్రువు పైకి తేలి దగ్గరికి రాగానే, దాక్కున్న మిగతావాళ్లు ఫిరంగులు పేల్చాలి. పారిపోయేవాళ్లలో కార్నీది కెప్టెన్ భార్య వేషం. గౌను, శాలువా, చేతిలో గుడ్డబొమ్మ.

"బొమ్మలో సహజత్వం లేదమ్మాయ్," అన్నారు కమాండర్ గారు నోనీతో. "మీ చంటాడు ఫిన్‌బార్‌ని పంపు. రేపు రేవులో రిహార్సల్. కుదిరితే సముద్రంలోకే!"

"పళ్లొస్తున్నాయి దొరగారూ, ఒకటే ఏడుపు."

"అదే కావాలి!"

ఇంటికొచ్చాక నోనీ దుంపలు చెక్కుతూ మొగుడి మీద విరుచుకుపడింది. "నీ మీసాలు తియ్యమనడు గానీ, నా బిడ్డ సహజత్వం కావాలట!"

"ఆర్డరే! నన్నేం చెయ్యమంటావు?"

"నోరు మూసుకుని నేనిచ్చింది పట్టుకో. చాలు."

మర్నాడు ఫిన్‌బార్ టోపీ పెట్టుకుని, ఫిన్‌బార్ దుప్పటి చుట్టుకుని పడవెక్కింది పాత బొమ్మే. కంగారులో కార్నీ దాన్ని తలకిందులుగా జారవిడిచాడు కూడా.

కమాండర్ గారి కళ్లు చెమర్చాయి. "చూశారా తేడా! నిజం బిడ్డ నిజం బిడ్డే. కిందపడినా కిక్కురుమనలేదు, వీరుడు!"

ఆ సాయంత్రమే ఓడ వీరుడితో సహా బయల్దేరింది.

వీరమాతను అభినందించడానికి కమాండర్ గారు వారం తర్వాత స్వయంగా ఇంటికొచ్చారు. సరిగ్గా అప్పుడే లోపలి గదిలో ఫిన్‌బార్ గుక్కపట్టాడు.

"ఏమిటా చప్పుడు?"

"బొ... బొమ్మండీ. ఆ పాతది."

కమాండర్ గారు తల వంచి, కళ్లు మూసుకుని, శ్రద్ధగా విన్నారు.

"విన్నావా? ఇందుకే వద్దన్నాను. బొత్తిగా బిడ్డ ఏడుపులా లేదు."

ఓడ నుంచి మాత్రం ఇంకా కబురు లేదు. రహస్యం కాబట్టి నోనీ ఎవర్నీ అడగకూడదు. మీలో ఎవరైనా ఆ సముద్రం మీదుగా వెళ్తుంటే, కార్నీ అనే మనిషి కనిపిస్తే, ఏమైనా తిన్నాడో లేదో, ఒంటిమీద పొడిబట్ట ఉందో లేదో కాస్త చూసి చెప్పండి.