హాకీ టీముకి నేను పలికిన చందా

ద్వారకానాథ్ నా కొంప ముంచాడు. అందుకు ఆయనకి శాలువా కప్పి, దండ వేసి, బహిరంగ సభలో సన్మానం చెయ్యాలని డిమాండ్ చేస్తున్నాను!

నవ్వకండి. నేను చాలా సీరియస్‌గా రాస్తున్నాను. మేముండే టార్నీట్‌లో మన తెలుగు సమితికి మూడోసారి ప్రెసిడెంటు, సిటీలో పెద్ద ఐటీ ఉద్యోగం, మీటింగు ఎక్కడుంటే అక్కడ ముందు వరసలో కుర్చీ. అలాంటి మనిషి వల్లే నాకు ఒక సత్యం బోధపడింది. ప్రతి చిన్న యూనివర్సిటీకీ నష్టాల్లో నడిచే స్పోర్ట్స్ డిపార్ట్‌మెంట్ ఒకటి ఉండి తీరాలి. విద్యార్థుల కోసం కాదు. ఆటల కోసం అసలే కాదు. నాలాంటి తండ్రుల బాగు కోసం!

నాలాంటి అంటే ఎలాంటి? చెప్పుకుంటాను, సిగ్గెందుకు. పేరు నరసింహ. పొన్నూరు దగ్గర ఎనిమిదో తరగతిలో బడి మానేసినవాణ్ణి. లెక్కల మాస్టారు నన్ను పొమ్మనలేదు, నేనే ఆయన మీద దయతలిచాను. మా ఆవిడ అమృత నర్సు. ఆవిడకి వీసా వస్తే, ఆవిడ సామానుతోపాటు నేనూ ఈ దేశంలో దిగాను. బాత్‌రూముల్లో టైల్స్ వేస్తాను. సిటీకి ఈ చివర టార్నీట్ నుంచి ఆ చివర క్రెయిగీబర్న్ దాకా మనవాళ్ళు చాలామంది నేను పరిచిన నేల మీదే స్నానం చేస్తున్నారు. నీళ్ళు కారినప్పుడు తప్ప నేను వాళ్ళకి గుర్తురాను.

మా అమ్మాయి శ్రావ్య పోయినేడు ఫిజియోథెరపీ రెండో ఏటికి వచ్చింది. యూని పేరు రాయను. రాస్తే పరువునష్టం దావా వేస్తారు, దాని ఖర్చులకి మళ్ళీ చందా నన్నే అడుగుతారు. చిన్నది లెండి. క్లాసులో పిల్లలకంటే బయట పార్కింగ్ బోర్డులు ఎక్కువ.

ఆ రెండో ఏటిలోనే అమ్మాయి ఆడపిల్లల హాకీ టీములో చేరింది. అదీ గోలీగా, అంటే గోలు ముందు కాపలా! కాళ్ళకి పరుపుల్లాంటి ప్యాడ్లు, తలకి హెల్మెట్. "ఎందుకే తల్లీ, అందరి వెనకాలా ఒక్కదానివీ నిలబడి దెబ్బలు తినడం?" అన్నాను.

"సమ్‌వన్ హాజ్ టు, డాడ్" అంది.

ఆ ముక్క నాకు అర్థమైంది. ఇంట్లో నేను చేసేదీ అదే కదా!

ఇక ఆ డిపార్ట్‌మెంట్ వైభవం ఏమని చెప్పను? డైరెక్టర్, డిప్యూటీ డైరెక్టర్, పర్ఫార్మెన్స్ మేనేజర్, పార్ట్‌నర్‌షిప్ మేనేజర్, ఈ ఇద్దరు మేనేజర్లూ గొడవపడకుండా చూడటానికి ఒక కోఆర్డినేటర్. మొత్తం లెక్కపెట్టాను, పన్నెండు మంది. గ్రౌండులో ఆడేది పదకొండు మందే. అంటే వీళ్ళలో ఒకాయన సబ్‌స్టిట్యూట్ అన్నమాట! ఏ ఆఫీసరుకైనా ఆఫీసులో కాలు బెణికితే పని ఆగకూడదు కదా! అంతమంది ఉండీ ఆడపిల్లల టీముకి గోలీ ప్యాడ్లు ఒకటే జత. వాటిలో ఎడమదానికి టేపు వేసింది నేనే, నా వ్యానులో ఉన్న వాటర్‌ప్రూఫ్ టేపు.

మార్చిలో ఒక ఈమెయిల్ వచ్చింది. "ప్రియమైన మా హాకీ కుటుంబానికి" అని మొదలైంది. ఆఫీసుల నుంచి వచ్చే ఉత్తరంలో మనల్ని కుటుంబం అన్నారంటే జేబు పట్టుకోవాలని నాకు అప్పటికింకా తెలీదు. లోటు బడ్జెట్ అట. ఆడపిల్లల హాకీ ఈ ఏడాదితో ఆపేసే ఆలోచన ఉందట. కమ్యూనిటీ ముందుకొచ్చి ఆదుకుంటే అప్పుడు చూస్తారట.

శ్రావ్య అన్నం ముందు కూర్చుని దాన్ని మూడుసార్లు చదివింది. స్పూను కింద పెట్టేసింది. "దే ఆర్ గోయింగ్ టు కిల్ అస్, డాడ్."

నాకు ఆ మెయిల్లో సగం ఇంగ్లీషు అర్థం కాలేదు. ఆ మొహం మాత్రం అర్థమైంది.

టీముని ఆదుకోవడానికి యూనివాళ్ళు డిన్నర్ పెట్టారు. టికెట్ నూట యాభై డాలర్లు. ఒక చేపముక్క, దాని మీద మూడు చిక్కుడుకాయలు. ఆ చేప పోయినందుకు సంతాపంగా ప్లేటు మిగతా అంతా ఖాళీగా ఉంచారు. కమ్యూనిటీ ప్రతినిధిగా ద్వారకానాథ్ నా పక్క కుర్చీలోనే కూర్చున్నాడు. టీము పిల్లలు బ్లేజర్లు వేసుకుని గోడవారగా నిలబడ్డారు, శ్రావ్య కూడా.

ఒకాయన మైకు పట్టుకుని, "ఇవాళ ఎవరెంత ఇస్తామని మాటిస్తారు?" అని మొదలుపెట్టాడు.

ఇక్కడ మన విద్య గురించి ఒక మాట చెప్పాలి. చందా పలకడం వేరు, చందా ఇవ్వడం వేరు. ఇది మీకు తెలుసు, నాకు తెలుసు. పోయిన వినాయకచవితికి ద్వారకానాథ్ మైకులో మూడు వేల నూట పదహారు పలికాడు. హాలు మోగిపోయింది. చివరికి ఆయనిచ్చింది రెండు పెట్టెల నీళ్ళ బాటిళ్ళు. ఎవరైనా అడిగారా? అడగరు! పలికింది దేవుడికి, ఇచ్చింది కమిటీకి. ఆ రెంటికీ మధ్య ఉన్న తేడాని దేవుడూ కమిటీ మాట్లాడుకుంటారు.

ద్వారకానాథ్ మోచేత్తో పొడిచాడు. "ఏం నరసింహా, నీ కూతురి టీమట కదా. చెయ్యెత్తు మరి."

"ఎంతండీ?"

"ఎంతైనా పలకవయ్యా! మన సమితి చందా లాంటిదే. ఇవాళ పలకడం వరకే. రేపు ఎవరిని ఎవరు అడుగుతారు?" అని తను చెయ్యెత్తి, "ఫైవ్ థౌజండ్!" అన్నాడు. చప్పట్లు.

నేను గోడ వైపు చూశాను. శ్రావ్య ద్వారకానాథ్‌ని చూస్తోంది. ఆయన్ని! నా కూతురు, ఆయన్ని!

లేచి నిలబడ్డాను. ఆయన అంకెకి రెట్టింపు, దాని మీద ఇంకో వెయ్యి, ఆ పైన నూట పదహారు. చివర సున్నా పెట్టి ఎవరైనా చందా పలుకుతారా, అరిష్టం కాదూ!

మైకాయన నా వైపు వంగి చూశాడు. "అండ్ సిక్స్‌టీన్? సర్, యూ ఆర్ ఎ వెరీ ప్రిసైజ్ మ్యాన్!"

హాలు హాలంతా లేచింది. వైస్ ఛాన్సలర్ స్వయంగా వచ్చి నా చెయ్యి ఊపాడు. ఎనిమిదో తరగతి చెయ్యి, గోళ్ళలో ఇంకా టైల్ జిగురు. గోడవార శ్రావ్య పక్కమ్మాయికి నన్ను వేలితో చూపించి, "దట్స్ మై డాడ్" అంటోంది. పెదాల కదలిక బట్టి చెబుతున్నాను. ఆ నిమిషంలో ఎవరైనా అడిగి ఉంటే ఇల్లు కూడా పలికేవాణ్ణి.

ఇంతలో ట్యాబ్లెట్ పట్టుకుని ఒక అమ్మాయి వచ్చి నా కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. గుళ్ళో పూజారి గోత్రం అడిగినంత మర్యాదగా నా బ్యాంకు అకౌంటు నంబరు అడిగింది. పన్నెండు నెలల వాయిదాలు, నెలనెలా వాటంతటవే కట్ అయిపోతాయట. ద్వారకానాథ్ వైపు చూశాను. ఆయన చేపలో ముల్లు వెతుక్కుంటున్నాడు. ముల్లులేని చేప అది!

చుట్టూ జనం ఇంకా నవ్వుతూ చూస్తున్నారు. వేలితో సంతకం గీశాను.

కారు పార్కింగ్‌లో పట్టుకున్నాను ఆయన్ని. "మరి మీ ఐదు వేలండీ?"

"నాది డబ్బు రూపంలో కాదు నరసింహా. ఐదు వేల విలువైన సలహాలు. అడ్వైజరీ బోర్డులోకి తీసుకున్నారు నన్ను" అని కారెక్కాడు.

ఇంటికొచ్చి చెబితే అమృత అంది, "పెళ్ళిచూపుల్లో మా నాన్న అడిగాడు, అబ్బాయి ఎందాకా చదివాడని. ఎనిమిది అన్నారు. సంతకం పెట్టే ముందు కాగితం చదవాలని ఆ ఎనిమిదిలో ఎక్కడా చెప్పలేదా?"

చూశారా! ఇరవై రెండేళ్ళ కాపురంలో నా చదువు గురించి ఆవిడ ఇంత శ్రద్ధగా అడగడం అదే మొదలు. ఇది వరం కాదా?

ఇంకా విని తరించండి. ఆ వాయిదాల కోసం నేను శనివారాలు కూడా పని ఒప్పుకున్నాను. దాంతో శనివారం మధ్యాహ్నం బార్బెక్యూలకి వెళ్ళి, ఎవరి ఇంటి ధర ఎంత పెరిగిందో వినే బాధ తప్పింది. పొట్ట రెండు బెల్టు కన్నాలు తగ్గింది. ఇదే పొట్ట జిమ్ములో తగ్గించాలంటే నెలకి అరవై డాలర్లు! యూని నుంచి దాత అని సర్టిఫికెట్ వచ్చింది. మా వంశంలో యూనివర్సిటీ సర్టిఫికెట్ పుచ్చుకున్న మొట్టమొదటి మగవాణ్ణి నేనే! అమృత దాన్ని ఇంట్లో బట్టలుతికే గదిలో వాషింగ్ మెషీన్ మీద తగిలించింది. నా చదువు చూస్తూ నా బనీన్లు తిరుగుతుంటాయి.

ఇక శ్రావ్య. ప్రతి గురువారం అడిగేది, "దిస్ సాటర్డే, డాడ్?" అని.

"ఈ వారం క్రెయిగీబర్న్‌లో రెండు బాత్‌రూములున్నాయి తల్లీ. వచ్చే వారం చూద్దాం."

"నో వరీస్" అనేది. ఈ దేశంలో పుట్టిన పిల్లలకి ఆ మాట ఎంత తేలిగ్గా వస్తుందో!

ఆగస్టులో ఒక రిపోర్టు వచ్చింది. కమ్యూనిటీ దయతో నిధులు సమకూరాయి కాబట్టి, ఆ నిధుల్ని ఎలా వాడాలో చెప్పడానికి ఒక కన్సల్టెంటుని పెట్టారట. ఆ సలహా ఇచ్చిందెవరు? అడ్వైజరీ బోర్డు! అరవై నాలుగు పేజీలు, ముందు పేజీలో నవ్వుతున్న అమ్మాయి. మా టీము అమ్మాయి కాదు, ఎవరో.

శ్రావ్య దాన్ని నాకు చదివి చెప్పింది. ఆడపిల్లల హాకీలో ఒక్కో ప్లేయరుకి అవుతున్న ఖర్చు మరీ ఎక్కువట. ఎందుకు ఎక్కువైంది? కన్సల్టెంటు ఫీజు హాకీ పద్దులోనే రాశారు! నేను కట్టబోయే డబ్బు చూసుకుని ముందుగానే ఆయనకి ఇచ్చేశారు. దాంతో హాకీ ఖర్చు పెరిగింది, పెరిగింది కాబట్టి ఎత్తెయ్యమని ఆయనే రాశాడు. నేను మీ ఇంటికొచ్చి, బాత్‌రూము బాగుందో లేదో చూసినందుకు పదివేలు తీసుకుని, ఆ పదివేలూ బాత్‌రూము ఖర్చులో రాసి, "అమ్మో, ఇంత ఖరీదైన బాత్‌రూమా, పగలగొట్టెయ్యండి" అంటే మీరు ఊరుకుంటారా? ఊరుకోరు. ఎందుకంటే నాకు డిగ్రీ లేదు!

టీము ఎత్తేశారు. పన్నెండు మంది ఆఫీసర్లూ క్షేమం. ఇప్పుడు ఆ డిపార్ట్‌మెంట్ ఎంత సాఫీగా నడుస్తోందనుకున్నారు! అడ్డుపడటానికి ఆడేవాళ్ళు లేరు.

వాయిదాలు ఆపమని ఫోన్ చేశాను. ఎత్తింది మన తెలుగమ్మాయే, గీతిక.

"అంకుల్, మీరు సైన్ చేసింది టీముకి కాదు, ప్రోగ్రామ్‌కి. ప్రోగ్రామ్ కంటిన్యూ అవుతోంది."

"ఆడే పిల్లలు లేకుండానా అమ్మా?"

"యా అంకుల్. స్టాఫ్ అందరూ ఉన్నారు కదా."

"వాళ్ళేం చేస్తారమ్మా మరి?"

గీతిక గొంతు తగ్గించింది. "నాకూ తెలీదు అంకుల్. నాది కాంట్రాక్టు జాబ్. ఫ్రైడేతో అయిపోతుంది."

పాపం, ఆ డిపార్ట్‌మెంట్‌లో నిజం చెప్పిన ఒక్క మనిషినీ ఖర్చు తగ్గింపులో పంపించేస్తున్నారు!

ఇన్ని మేళ్ళు చేసిన డిపార్ట్‌మెంట్ మీద నాకు కోపం ఉంటుందా? ద్వారకానాథ్ మీద ఉంటుందా? ఆయన నా చెయ్యి పట్టుకుని ఎత్తలేదు. నేనే ఎత్తాను. టీము కోసం ఎత్తానని మా ఇంట్లో అందరికీ చెప్పుకున్నాను. అబద్ధం. గోడవార నిలబడ్డ పిల్ల ఆయన్ని చూడటం మానేసి నన్ను చూడాలని ఎత్తాను. చూసింది. అక్కడితో ఆ డబ్బుకి లెక్క సరిపోయిందనే అనుకుంటాను చాలాసార్లు.

కానీ ఆఖరి మ్యాచ్ శనివారం నాడు, టైల్స్ సందుల్లో పూసిన గ్రౌటు ఆరకముందే పని వదిలేసి బయల్దేరాను. ఫ్రీవే మీద ఏదో యాక్సిడెంటు. నేను గ్రౌండుకి చేరేసరికి నాలుగూ పది. మ్యాచ్ నాలుక్కే అయిపోయింది. పిల్లలు ఒకళ్ళ భుజాల మీద ఒకళ్ళు చేతులు వేసుకుని గుండ్రంగా నిలబడ్డారు. కొందరు ఏడుస్తున్నారు. శ్రావ్య ప్యాడ్లు విప్పి, మట్టి దులిపి, ఆఫీసువాళ్ళు తెచ్చిన సంచిలో పెడుతోంది. అవి యూనివి, తిరిగి ఇచ్చెయ్యాలి.

నన్ను చూసి లేచి వచ్చింది. "వి లాస్ట్, డాడ్. టూ-నిల్" అంది. నా ప్యాంటు మీది సిమెంటు చూసి, "బట్ ఐ స్టాప్డ్ సెవెన్."

ఏడు ఆపిందట. ఎలా ఆపింది? కాలు చాపిందా, పక్కకి దూకిందా? ఏమో. ఆ సీజన్లో మొత్తం పద్నాలుగు మ్యాచ్‌లు ఆడింది నా కూతురు. ఆ ఆటకి డబ్బు సంపాదించే పనిలో ఉండి, నేను ఒక్క మ్యాచూ చూడలేదు. ఇక చూడటానికి టీమే లేదు.

చివరి వాయిదా పోయిన సోమవారం కట్ అయింది. పైసా వదల్లేదు, పదహారుతో సహా. అక్షరాలా పదకొండు వేల నూట పదహారు డాలర్లు.